రెయిడ్ కట్టారు సరే, మొదటి డిస్కు పోతే సర్వర్ లేస్తుందా?

మనిషి చెయ్యి పడకుండా సర్వర్లను ఇన్‌స్టాల్ చేసే సాధనాలు దాదాపు అన్నీ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను, అంటే పలు డిస్కులను ఆపరేటింగ్ సిస్టమే ఒకటిగా జతకట్టే ఏర్పాటును, ఏర్పరచగలవు. రెడ్ హ్యాట్ కిక్‌స్టార్ట్‌లో రెండు డిస్కుల మీద చెరో పార్టిషన్ ప్రకటించి, మరో వరుసలో వాటిని లెవెల్ 1గా (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా) జతచేయమంటే సరిపోతుంది. డెబియన్ ప్రీసీడ్‌లోనూ ఇది సాధ్యమే గాని, అంకెలూ హ్యాష్ గుర్తులూ గుచ్చి రాసే ఆ రెసిపీ (డిస్కుల అమరిక వివరం) ఆర్నెల్ల తరువాత రాసినవారికే అంతుపట్టదు. ఉబుంటు 20.04తో వచ్చిన ఆటోఇన్‌స్టాల్ ఫైలు చదవడానికి తేలికే, కాస్త పొడవెక్కువ.

అసలు చిక్కు బూటింగ్ దగ్గర ఉంది. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌కు లినక్స్ రెయిడ్ సంగతి తెలియదు. ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న చిన్న బూట్ పార్టిషన్‌ను మాత్రమే అది వెతుక్కుంటుంది. ఇన్‌స్టాలర్ దాన్ని మొదటి డిస్కులోనే పెట్టి ఊరుకుంటే, ఆ డిస్కు చెడిపోయిన రోజున డేటా రెండో డిస్కులో భద్రంగా ఉన్నా సర్వర్ మాత్రం లేవదు. దీనికి కొందరు బూట్ పార్టిషన్‌ను కూడా రెయిడ్ 1లో కలిపేస్తారు. లినక్స్‌లో రెయిడ్‌ను కట్టే ఎండీఅడ్మ్ మామూలుగా వాడే 1.2 రకం మెటాడేటా (రెయిడ్ వివరాల నమోదు) పార్టిషన్ మొదలుకు 4 కేబీ దూరంలో ఉంటుంది, 1.0 అయితే చివర ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్‌కు అది మామూలు ఫ్యాట్ పార్టిషన్‌లాగే కనిపిస్తుంది. ఉపాయం బాగానే ఉంది గాని, ఫర్మ్‌వేర్ తనంతట తాను ఒక డిస్కు మీద ఏమైనా రాస్తే, రెండు ప్రతులూ తేడా పడిన విషయం రెయిడ్‌కు తెలియనే తెలియదు. అందుకే రెండు డిస్కుల్లోనూ వేర్వేరు బూట్ పార్టిషన్లు ఉంచి, రెండింటిలోనూ బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) వేయడమే మేలని నా అభిప్రాయం. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా రెండింటినీ మార్చే బాధ్యత కూడా అప్పుడు సాధనమే తీసుకోవాలి.

పాత సర్వర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంకో తలనొప్పి: డిస్కుల్లో మిగిలిన పాత సూపర్‌బ్లాక్‌ను (అదే రెయిడ్ మెటాడేటాను) చూసి పాత రెయిడ్ దానంతటదే లేచి కూర్చుంటే, పార్టిషన్ చేయబోయేసరికి డిస్కు వాడుకలో ఉందని లోపం వస్తుంది. దాన్ని ముందే తుడిచే ఆదేశం ఇన్‌స్టాలేషన్ టెంప్లేట్‌లో ఉండాలి.

వర్చువల్ మెషీన్‌లో రెండు డిస్కులతో ఇన్‌స్టాల్ చేసి, మొదటిదాన్ని తీసేసి, లాగిన్ వరకు వస్తుందో లేదో చూడటానికి పెద్ద శ్రమ అక్కరలేదు. ఏ సాధనమైనా రెయిడ్‌కు మద్దతు ఉందని చెప్పుకునే ముందు ఈ పరీక్ష తప్పనిసరి కావాలి. హెచ్చరిక చేరాల్సిన చిరునామానూ టెంప్లేట్ అడిగి తీసుకోవాలి. డెబియన్‌లో అది మామూలుగా రూట్ యూజరే కాబట్టి, డిస్కు పోయిందన్న మెయిల్ చాలాచోట్ల ఎవరూ తెరవని ఆ పెట్టెలోనే పడి ఉంటుంది.