హెల్సింకీ శరదృతువు గారికి ఒక ఉపవాసి ఉత్తరం

మహారాజశ్రీ హెల్సింకీ శరదృతువు గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారికి క్షమించండి, పెట్టలేను. నిన్న కార్తీక సోమవారం. తమరికి గుర్తుండే ఉంటుంది, చేసిందంతా తమరే కదా.

ఈ నెల సోమవారాలన్నీ నక్తం ఉంటానని అమ్మకి మాటిచ్చాను. పగలంతా ఉపవాసం, చుక్క కనబడ్డాక భోజనం. నిజం చెప్పొద్దూ, భక్తి కొంత, లెక్క కొంత. రాజమండ్రిలో ఆరు దాకా ఆగాలి. ఇక్కడ ఫిన్లాండులో నవంబరు వస్తే నాలుగింటికే పొద్దు గుంకుతుంది, సూర్యుడు ఎనిమిది గంటల డ్యూటీ చేసి దిగిపోతాడు. ఐదింటికల్లా విస్తరి ముందు కూర్చోవచ్చు అనుకున్నాను. మీ దగ్గర లెక్కలు వేసేవాడికి తగిన శాస్తే జరిగింది.

చీకటి మాత్రం ఠంచనుగా పడింది. ఆ విషయంలో తమర్ని వేలెత్తి చూపలేం. అది చాలదన్నట్టు అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటిని మూడు చేసి, సాయంత్రాల్లోంచి ఇంకో గంట లాక్కున్నారు. సరే, పోనివ్వండి. చుక్కలేవి?

నాలుగున్నరకి బాల్కనీలోకి వెళ్ళాను. ఆకాశం పిండకుండా ఆరేసిన బొంతలా ఉంది. ఐదు. ఆరు. లోపల పప్పు చల్లారిపోయింది, వేపుడు మెత్తబడిపోయింది. ఏడింటికి, దేవుడు మేలు చేశాడు, దక్షిణాన మబ్బు కింద ఒక్కటి మెరిసింది. చేతులు జోడించాను, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ నక్షత్రం ఎర్రలైటు మినుక్కుమనిపిస్తూ వాంతా ఎయిర్‌పోర్టు వైపు పోతోంది.

అమ్మ ఫోను. అక్కడ పదిన్నర. ఎప్పుడో తినేసి, నా కోసం మెలకువగా ఉంది.

"చుక్క కనబడిందా నాన్నా?"

"లేదమ్మా."

"అయ్యో, ఇంకా పొద్దు గుంకలేదా?"

"గుంకి మూడు గంటలైంది."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కొడుకు ఏ లోకంలో ఉన్నాడో అర్థం కాక కాబోలు.

ఇంక గారూ గీరూ లేదు. ఏమయ్యా, నిన్ను శరదృతువనే పిలవాలా? మా భాషలో శరత్తంటే కడిగిన ఆకాశం, పిండి ఆరబోసినట్టు వెన్నెల. మా ఊళ్ళో నన్నయ గారు చెప్పిన భారతంలో చివరి పద్యం శరద్రాత్రుల మీదే అంటారు. అందులో రాత్రి చుక్కల హారాలు వేసుకుని ఉంటుంది. నీ మెడలో ఏముంది? తడి మఫ్లరు. నీవాళ్ళే నీకు పెట్టిన పేర్లు చూడు: అక్టోబరు 'లొకకూ', బురద నెల. నవంబరు 'మర్రస్కూ', చావు నెల. ఊరివాళ్ళే అంత మాటన్నాక, 17 డిగ్రీల అక్షాంశం నుంచి 60కి వచ్చిపడ్డ నాకెంత మండాలి?

రుస్కా అని ఒక వారం మేపుల్ ఆకులకి ఎరుపూ పసుపూ పూసి మా చేత ఫొటోలు తీయించావు. మా పిన్ని అవి చూసి "స్వర్గంలో ఉన్నావురా" అంది. ఒక్క రాత్రి గాలికి ఆ స్వర్గం కాలిబాట మీద పడింది, మర్నాడు దాని మీద జారి నేను పడ్డాను. గొడుగు సంగతి ఎత్తను. మూడోది.

ఎనిమిదింటికి అమ్మే తీర్పిచ్చింది. "నేనిక్కడ చూశాగా, అదే నీకూనూ. తిను." తిన్నాను. చల్లటి పప్పు, పైగా దొంగతనం చేసినట్టు.

రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచి కిటికీ తెర తీశాను. మబ్బు లేదు. ఒక్క తునక లేదు. ఆకాశం నిండా, సిగ్గులేకుండా, చుక్కలు. నైరుతిలో కృత్తికలు, ఈ కార్తీకానికి పేరిచ్చినవే, గుప్పెడు మల్లెమొగ్గల్లా. కడుపు నిండినవాడికి చూపిస్తావా? తిట్టుకుంటూ చెప్పుల్లేకుండా బాల్కనీలోకి వెళ్ళాను. కాళ్ళు కొయ్యబారేదాకా లోపలికి రాలేదు.

అక్కడ ఐదున్నర. అమ్మ కార్తీక స్నానానికి గోదావరి రేవుకి బయల్దేరుతూ ఫోనెత్తింది.

"అమ్మా, చుక్కలొచ్చాయి."

"ఇప్పుడా?" అంది. "తిన్నావుగా, పడుకో."

ఇట్లు,
వచ్చే సోమవారం కూడా ఉపవాసం ఉండబోయే
మీ కొత్త అద్దెవాడు