సోలార్ పెట్టిస్తే కరెంటు కోత ఉండదన్న ప్రచారం నిజం కాదు

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలై, 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 వరకు రాయితీ వస్తుందని తెలిసినప్పటి నుంచి ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: మేడ మీద ప్యానెళ్లు పెట్టిస్తే ఇక కోతల బెంగ ఉండదు, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే కొత్తది అక్కర్లేదు, కొనేవాళ్లు మాత్రం ప్యానెళ్ల కన్నా పెద్ద ఇన్వర్టర్ కొనాలి, అప్పుడే ఎక్కువ కరెంటు వస్తుంది, ఆ తర్వాత 25 ఏళ్లు పైసా ఖర్చు ఉండదు.

వీటిలో మొదటి మాటే ఎక్కువ మందిని నిరాశపరుస్తోంది. రాయితీ కింద సాధారణంగా బిగించేది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే వీధి లైనుతో కలిసి మాత్రమే నడిచేది. ప్యానెళ్ల డీసీని అది ఏసీగా మారుస్తుంది గానీ, ఆ ఏసీకి వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో సొంతంగా నిర్ణయించదు; వీధి లైన్లో ఉన్న 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల సరఫరాను చూసుకుంటూ దానితో అడుగు కలుపుతుంది. లైను ఆగితే ఇదీ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే, కోత పడగానే ఫ్యాను ఆగుతుంది, ఇన్వర్టర్ తెర మీద గ్రిడ్ లేదన్న సూచన వెలుగుతుంది. ఇది యంత్రంలో లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. సరఫరా ఆపేశారన్న నమ్మకంతో లైన్‌మన్ స్తంభం ఎక్కిన సమయంలో ఏదో ఒక మేడ మీది నుంచి కరెంటు లైన్లోకి వస్తే, అది వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ (11,000 వోల్టుల) వైపున కూడా ప్రాణం తీయగలదు. అందుకే లైన్ వోల్టేజి ఉండాల్సిన దానిలో 80 శాతం కన్నా కిందికి పడిపోయినా, 110 శాతం దాటినా ఇన్వర్టర్ 2 సెకన్లలోపు విడిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నాటి నిబంధనల్లో పెట్టింది.

ఈ 110 శాతం, అంటే 253 వోల్టుల హద్దు మరో చిక్కు తెస్తుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా ఇళ్లు సోలార్ పెట్టించుకున్న చోట మధ్యాహ్నం వేళ లైన్ వోల్టేజి పెరిగి, కరెంటు ఉండగానే ఇన్వర్టర్ ఆగిపోవచ్చు. యజమాని యంత్రం పాడైందనుకుని కంపెనీతో తగవు పడతాడు. నిజానికి ఆ సమయంలో తెర మీద కనిపించిన వోల్టేజిని రాసుకుని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కార్యాలయంలో ఫిర్యాదు చేయాలి.

కోతలోనూ సోలార్ కరెంటు కావాలనుకునేవారు బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్‌నూ, బ్యాకప్‌కు వేరే వైరింగునూ పెట్టించుకోవాలి. బ్యాటరీకి విడిగా రాయితీ రాదు. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు తిరిగితే చాలనుకునే ఇంటికి పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ను సోలార్‌తో కలపకుండా దాని మానాన దాన్ని ఉంచడమే చౌక అని నా అభిప్రాయం.

ఆ పాత ఇన్వర్టర్‌కే ప్యానెళ్లు తగిలించాలన్న రెండో సలహా ప్రమాదకరం. అది 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ కోసం తయారైనది. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటే లోడు లేనప్పుడు దాదాపు 50 వోల్టులు ఇస్తుంది. అలాంటివి ఆరు వరుసగా కలిపితే 300 వోల్టులకు చేరువవుతుంది. చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే పరికరం) అమర్చి ఒకటో రెండో ప్యానెళ్లతో బ్యాటరీని నింపుకోవచ్చు, నిజమే. అయితే ఆ ఏర్పాటు మిగిలిన కరెంటును లైన్లోకి పంపలేదు కాబట్టి నెట్ మీటర్ (లైన్లోకి పంపిన కరెంటును మన వాడకంలోంచి తీసేసి లెక్కించే మీటరు) వల్ల వచ్చే లాభమేదీ దానికి ఉండదు.

పెద్ద ఇన్వర్టర్ ఎక్కువ కరెంటు ఇస్తుందన్నది తలకిందుల లెక్క. కరెంటు పుట్టేది ప్యానెళ్లలో. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. పైగా ప్యానెల్ మీద రాసిన వాట్లు, దాని సెల్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటివి. మన వేసవిలో సెల్ 60 డిగ్రీలు దాటుతుంది, 25 దాటిన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది, అంటే దుమ్ము మాట అటుంచినా పదో వంతుకు పైగా పోయినట్టే. అందుకే 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు అంతకన్నా కాస్త ఎక్కువ ప్యానెళ్లు కలపడం మామూలు. రాయితీ లెక్కలోనూ ప్యానెళ్లు, ఇన్వర్టర్ సామర్థ్యాల్లో ఏది తక్కువైతే దాన్నే తీసుకుంటారు. తర్వాత ప్యానెళ్లు పెంచే ఆలోచన ఉంటేనే పెద్దది కొనడంలో అర్థం ఉంది.

ఇక 25 ఏళ్ల హామీ ప్యానెళ్లు ఇచ్చే కరెంటుకు సంబంధించినది. ఇన్వర్టర్‌కు సాధారణంగా ఉండేది 5 నుంచి 10 ఏళ్ల వారంటీయే. లోపలి కెపాసిటర్లకు వేడి పడదు కనుక, పడమటి ఎండ నేరుగా తగిలే గోడకు బిగిస్తే అది త్వరగా పాడవుతుంది. ఖర్చు లెక్క వేసేటప్పుడు మధ్యలో కనీసం ఒక ఇన్వర్టర్ ధర కలుపుకోవాలి. డబ్బు కట్టే ముందే నీడ ఉండే గోడ చూపించి, ఇన్వర్టర్ సీరియల్ నంబరుతో ఉన్న వారంటీ పత్రాన్ని ప్యానెళ్ల పత్రాలతో కలపకుండా విడిగా అడిగి తీసుకోవాలి.