కరెంటు పోగానే కన్నుమూసిన ఎంపీ4 ఫైలు గారికి

మహారాజశ్రీ ఎంపీ4 గారి దివ్యసముఖానికి,

ఇంకా మొదలుకాని యూట్యూబ్ గేమింగ్ ఛానల్ తాలూకు నలుగురు సభ్యులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం మర్యాదే గానీ, ప్రస్తుతానికి కుశలం మా వైపు మాత్రమే. తమరి సంగతి వీఎల్‌సీ ప్లేయర్ చెప్పింది. వ్యవధి 00:00.

తమరికి జాతకం విడిగా రాయించనక్కర్లేదు. తెర మీది ఆటని రికార్డు చేసే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టే పేరులోనే తేదీ, గంట, నిమిషం, సెకను అన్నీ ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం 3:02కి జననం. సాయంత్రం 5:40కి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ‘ఢప్’మంది, తమరు పరమపదించారు. ఆయుర్దాయం 2 గంటల 38 నిమిషాలు. 1080పీ, సెకనుకు 60 ఫ్రేములు, 12 ఎంబీపీఎస్ బిట్‌రేటు. గంటకు 5.4 జీబీ లెక్కన 14 జీబీ పైచిలుకు ఒళ్లు చేశారు. అంత ఒళ్లు పెట్టుకుని ఒక్క ఫ్రేము చూపించరు. ఆఖరి నిమిషం పోయిందంటే సర్దుకుంటాం. 3:02కి పుట్టినప్పటి ముఖం కూడా చూపించరే!

పాతకాలం టేప్‌రికార్డరు ఇంత పొగరు చూపించేది కాదు. పాట ఎక్కుతుండగా ప్లగ్గు పీకేసినా అప్పటిదాకా ఎక్కింది ఎక్కినట్టే ఉండేది. తమరి పద్ధతి వేరు. తమరిలో బొమ్మలూ మాటలూ అన్నీ ‘ఎండాట్’ అనే గోనెసంచిలో పోస్తూ పోతారు. ఏ ఫ్రేము ఎక్కడ మొదలైంది, ఎన్ని బైట్లు, ఏ క్షణంలో చూపించాలి, ఏ కోడెక్‌తో విప్పాలి, ఈ పద్దంతా ‘మూవ్’ అనే ఇంకో పెట్టెలో రాయాలి. ఆ రాసేది ఎప్పుడయ్యా అంటే, స్టాప్ నొక్కాక! పొద్దుటినుంచి అరువు సరుకు ఇస్తూనే ఉండి, ఖాతా పుస్తకం మాత్రం షట్టర్ దించేటప్పుడే తెరిచే కొట్టు ఎక్కడైనా ఉందా? సాయంత్రం షావుకారు గుటుక్కుమంటే ఎవడు ఎంత బాకీయో ఎవరు చెప్పాలి? తమరి 14 జీబీ డిస్కులో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంది. చదివే దిక్కే లేదు.

తప్పంతా తమరిదే అంటే అన్యాయమవుతుంది. ఓబీఎస్ వాళ్లు సెట్టింగ్స్‌లో ఫార్మాట్ ఎంచుకునే చోటే చెప్పి పెట్టారు. ఎంపీ4లో రికార్డు చేస్తే, కరెంటు పోయినా సిస్టమ్ క్రాష్ అయినా ఫైలు తిరిగి రాదని. ఆ రెండు ముక్కలు మా నలుగురిలో ఒక్కడూ చదవలేదు. “ఎంకేవీ ఎడిటర్‌లో ఓపెన్ అవదు మామా, ఎంపీ4 పెట్టు” అన్న ఒక్క మాటకి ముగ్గురు తలలూపారు. ఎంకేవీ అంటే కరెంటు పోయినా అప్పటిదాకా ఎక్కింది నిలుపుకునే ఇంకో ఫార్మాట్. నిజమే, కొన్ని ఎడిటర్లు దాన్ని గుమ్మం తొక్కనివ్వవు. దానికి మందు కూడా ఆ ఓబీఎస్‌లోనే ఉంది. ఎంకేవీలో రికార్డు చేసి, అయిపోయాక ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కాలి. బొమ్మని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు. డబ్బా మార్చడమే. ఆ నొక్కే బద్ధకం కూడా ఉంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ రీమక్స్‌కి ఒక టిక్కు. అదీ వద్దు, ఎంపీ4 గారే కావాలి అంటే, 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని తమరి వంశంలోనే బుద్ధిమంతుడొకడు ఉన్నాడు. ఎప్పటి పద్దు అప్పుడే రాసుకుంటాడు. ఇవేవీ కాకపోయినా, ప్రతి 15 నిమిషాలకు ఫైలు విడగొట్టమని చెప్పి ఉంటే తమరి ఆఖరి ముక్క మాత్రమే పోయేది. ఇన్ని తలుపులు తెరిచి ఉండగా గోడకే గుద్దుకున్నాం, సరే.

కానీ ఎంపీ4 గారూ, మింగుడుపడనిది ఇది కాదు. ఆ ఫ్యాను.

కరెంటు పోయింది. ట్యూబ్‌లైటు ఒక్కసారి కన్నుకొట్టి మళ్లీ వెలిగింది. వైఫై రూటరు ఆగలేదు. ఫ్యాను అయిదులో తిరుగుతున్నది తిరుగుతూనే ఉంది, రెక్క కూడా తడబడలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది మరి, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో. పోయింది కంప్యూటర్ ఒక్కటే. ఎందుకంటే ఇన్వర్టర్ మీద ఒక చిన్న మీట ఉంటుంది. ఒకపక్క యూపీఎస్, ఇంకోపక్క ఎకో. అది ఎకోలో ఉంటే లైను మీదినుంచి బ్యాటరీ మీదికి మారడానికి కాస్త తీరిగ్గా, పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తిరిగే ఫ్యానుకి ఆ ఊపు చాలు, దానికి తెలియనే తెలియదు. కంప్యూటర్‌లో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ అనే డబ్బా పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే గొప్ప. గ్రాఫిక్స్ కార్డు ఆట మీదుండి, ఎన్‌కోడర్ నడుస్తూ ఉంటే ఆ ఊపిరి ఎక్కడిది? అదే మీట యూపీఎస్ వైపు ఉంటే ఈ ఉత్తరమే లేదు.

ఆ మీట కోసం వంగి చూస్తే దాని మీద వేలిమందం బూజు. బిగించిన రోజునుంచి ఎవరూ ముట్టుకోలేదు. డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వచ్చేవాళ్లు కూడా బ్యాటరీ వైపే చూస్తారు గానీ దాని ముఖం చూడరు.

పైగా ఆ ఫ్యాను చేసిన ఘనకార్యం ఇంకోటుంది. మైకు బల్లమీద, మనిషికి రెండడుగుల దూరంలో, తల మీద ఫ్యాను. కండెన్సర్ మైకు పాపం నిజాయితీ గలది, గదిలో ఉన్నదంతా వింటుంది. నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ గట్టిగా పెడితే ఫ్యానుతోపాటు మాటల చివరి అక్షరాలు కూడా కొట్టుకుపోతాయి, ‘తవ్వొద్దురా’ అన్నది ‘తవ్వొద్’ అవుతుంది. మైకుని నోటికి జానెడు దూరానికి లాగి, గెయిన్ తగ్గించి, మాట పెద్దదైనప్పుడు మీటరు మైనస్ 10 డీబీ దగ్గర ఆడేలా చూసుకుంటే ఫ్యాను దానంతటదే వెనక్కి పోతుంది. ఆ తర్వాత ఫిల్టర్ తేలిగ్గా చాలు. అసలు ఫ్యాను ఆపేయవచ్చు అని ఎవరో అన్నారు. మేలో విజయవాడ చూడనివాళ్లై ఉంటారు. అలా రెండున్నర గంటలూ మా అందరి గొంతుల వెనకాల గుర్రుపెట్టిన ఆ ఫ్యాను బతికింది. తమరు పోయారు.

తమరి పుట్టుకకు ముందు ఇంట్లో జరిగిన సందడి తమరికి తెలియదు కాబట్టి క్లుప్తంగా. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగానికి మాత్రం నాలుగు లోగోలు తయారయ్యాయి. 800 పిక్సెళ్ల చదరంలో నిప్పులు కక్కే డ్రాగను, దాని గోళ్లలో కంట్రోలరు, కంట్రోలరు మీద మళ్లీ ఛానల్ పేరు. ఫోనులో చూస్తే అది కందిగింజంత, డ్రాగను కాస్తా బల్లి. పేరు కోసం మూడు వారాలు. ఎటు తిప్పినా చివర ‘గేమింగ్’ అనే తోక తగిలించక తప్పలేదు. వాటాలూ తేలిపోయాయి. షార్ట్స్ అనే పొట్టి వీడియోల దారి వదిలేస్తే, 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణం ఉంటేగానీ వీడియోలమీద ప్రకటనల డబ్బు రాదు. మనిషికి నాలుగు నిమిషాలు చూస్తారనుకున్నా 60,000 వ్యూస్. వీడియోలు సున్నా ఉన్న రోజున ఎడిటింగ్ చేసేవాడికి 40 శాతమా 35 శాతమా అని రాత్రి ఒంటిగంట దాకా పంచాయితీ.

జీటీఏ 5 ఆడదామన్నవాడికి, కారెక్కగానే రేడియో మోగుతుందని, మోగిన పాటల్లో ఏదో ఒకటి కాపీరైట్ క్లెయిమ్ తెచ్చిపెడుతుందని, ముందు ఆ రేడియో నోరు మూయించాలని చెప్పేసరికి అలిగాడు. నీ వైపు మాటలు విడిగా ఆడాసిటీలో రికార్డు చేసి పంపరా అంటే వాట్సాప్ వాయిస్ నోట్ పంపినవాడు ఇంకొకడు. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఫైలు చెక్కుచెదరకుండా వెళ్తుందని వాడికి ఇంతకుముందు మూడుసార్లు చెప్పాం. మొత్తం ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరి అన్న మహానుభావుడి ఉచిత 15 జీబీలో అప్పటికే 11 జీబీ పెళ్లి ఫొటోలు.

ఇవన్నీ క్షమించదగినవే. తమరిది కాదు.

ఎందుకంటే తమరి కడుపులో ఎక్కడో, గంటా యాభై నిమిషాలు దాటాక, మైన్‌క్రాఫ్ట్ ఆటలో భూమి అడుగున, ఎత్తు లెక్కలో వై మైనస్ 59 దగ్గర ఒక సంఘటన ఉంది. 2021లో వచ్చిన 1.18 వెర్షన్ తర్వాత వజ్రాలు ఎక్కువగా దొరికేది ఆ లోతులోనే. గుహల్లో లావా మడుగులు కట్టేదీ ఆ లోతులోనే. కాళ్లకింద తిన్నగా తవ్వకూడదన్నది ఆ ఆటలో అఆల కంటే ముందు నేర్పే పాఠం. పక్కవాడికి అదే పాఠం ఎంతో ఓపిగ్గా చెబుతూ చెబుతూ, సంచిలో 9 వజ్రాలు పెట్టుకుని, కాళ్లకిందే తవ్వుకుని లావాలో పడిన మనిషి తమరి కడుపులో ఉన్నాడు. ఆ ఆటలోనే ఉండే నెదరైట్ అనే లోహం అయితే లావాలో కాలదు, పైకి తేలుతుంది. వజ్రాలకి ఆ భాగ్యం లేదు. వాడి వాక్యం సగంలో ఆగింది, తర్వాత అయిదు సెకన్ల నిశ్శబ్దం, ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఆ తర్వాత నలుగురివీ నాలుగు రకాల నవ్వులు.

158 నిమిషాల్లో చూడదగ్గది ఆ ఒక్క నిమిషమే. మిగతాదంతా “లాగ్ అవుతోందా?”, “నా మాట వినపడుతోందా?”. ఆ ఒక్క నిమిషం కోసం మొత్తం రికార్డు చేసింది. దాన్ని పట్టుకుని కూర్చున్నావు. మళ్లీ లావాలో పడమంటే పడతాడు వాడు, అలా పడడు! నవ్వమంటే నవ్వుతాం, అది నవ్వులా ఉండదు. 14 జీబీ మింగి, ఒక్క పద్దు రాసుకోవడానికి బద్ధకించిన దొంగమొహం నీది. సంచిలో సరుకుందని తెలుసు, మూతి విప్పవు. నీకు శ్రీలూ గార్లూ ఒకటే తక్కువ!

క్షమించాలి. కాస్త నోరు జారింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. తమరు బతికి బట్టకట్టినా ఆ నవ్వుని సరిగ్గా వినిపించే యోగం లేదు. ఓబీఎస్ ఆరు ఆడియో ట్రాకులు ఇస్తుంది. ఒకటో ట్రాకులో అన్నీ కలిపి, రెండులో సొంత మైకు, మూడులో డిస్కార్డ్ యాప్‌లో మాట్లాడే మిగతావాళ్ల గొంతులు, నాలుగులో ఆట చప్పుడు. 28వ వెర్షన్ నుంచి విండోస్‌లో ఒక్కో యాప్ శబ్దాన్ని విడిగా పట్టే సదుపాయం కూడా ఉంది. అన్నీ విడివిడిగా ఉంటే లావా బుడబుడ తగ్గించి గొంతు పెంచుకోవచ్చు. మేం అన్నిటినీ ఒకటో ట్రాకులోనే కుమ్మరించాం. కలిపేసిన పప్పులోంచి ఉప్పు తీయడం ఎవరి తరం?

ఇక అసలు విన్నపానికి వస్తాను. తమరిని బతికించే మూలిక ఒకటుంది, అన్‌ట్రంక్ అని. ఉచితమే. పద్దు పోయిన ఫైలు పక్కన, అదే సెట్టింగులతో రికార్డయిన ఆరోగ్యమైన ఫైలు ఒకటి పెడితే, దీని పద్దు చూసి దాని సంచిలో ఏది బొమ్మో ఏది మాటో పోల్చుకుంటూ కొత్త పద్దు రాస్తుంది. అదే ఎన్‌కోడర్, అదే రిజల్యూషన్, అవే ఫ్రేములు, అదే ఆడియో ట్రాకు. ఒక్కటి మారినా పోలిక తప్పుతుంది. ప్రతిసారీ ఫలిస్తుందన్న హామీ లేదు. ప్రయత్నించే ముందు తమరి నకలు ఒకటి వేరే డిస్కులో పెట్టుకోవాలి. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ పనికిరాదు, దానికి 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

చిక్కేమిటంటే ఆ ఆరోగ్యమైన ఫైలు మా దగ్గర లేదు. తమరే మా మొదటి సంతానం.

కాబట్టి ఈ రాత్రి తొమ్మిదింటికి, ఎంకేవీ జోలికి పోకుండా, మళ్లీ తమరి ఫార్మాట్‌లోనే, ఆదివారంనాటి సెట్టింగ్ ఒక్కటి కూడా కదపకుండా రెండు నిమిషాలు రికార్డు చేయాలి. ఆ పనికి ఒక్కడు చాలు. గ్రూపులో అదే రాశాం. పేరు గురించి అడిగితే మూడు వారాలు తీసుకున్నవాళ్లు నిమిషంలో జవాబిచ్చారు, ముగ్గురూ వస్తారట. మీట యూపీఎస్ వైపు తిప్పాం. ఫ్యాను మాత్రం అయిదులోనే ఉంది, ఎండ అలా ఉంది.

ఇట్లు,
తమరి 14 జీబీని ఇంకా డిలీట్ చేయని,
నలుగురు