నేను నేసిన కప్పు గారికి

మహారాజశ్రీ తాటాకు కప్పు గారి సముఖానికి, తమరి కింద తడిసి ముద్దయిన మనిషి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అంటే మీరు పైన కులాసా. నేను మంచం కింద.

నిన్న మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైతే, నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. మొదటి వాన, సొంత చేత్తో కట్టుకున్న పాక, జీడితోటలో నేనొక్కణ్ణే. గ్లాసులో టీ పోసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఫోటో కూడా తీశాను. మొదటి చుక్క మెడ మీద పడింది. రెండోది టీలో.

మంచం తూర్పుకి జరిపాను. మీరూ జరిగారు. గోడ వారకి లాగాను. అక్కడా హాజరు. గిన్నె, చెంబు, బకెట్టు, చివరికి అన్నం వండుకునే దాక కూడా పరిచాను. ఆరింటిదాకా వాటిని పారబోసి మళ్ళీ పెట్టడమే నా ఏకాంత జీవనం. బియ్యం డబ్బాకి మూత ఉంది కాబట్టి బతికింది. అగ్గిపెట్టెలు పోయాయి. పెసలు మొలకెత్తే ఉద్దేశంలో ఉన్నాయి.

తమరి తెలివికి మాత్రం దండం పెట్టాలి. చుక్క పడే చోట తలెత్తి చూస్తే ఆకు పొడిగా ఉంటుంది. నీళ్ళు ఎక్కడో కొప్పు దగ్గర దూరి, వాసం పట్టుకుని నాలుగడుగులు జారి, కింద నా దిండు ఎక్కడుందో చూసుకుని మరీ దిగుతాయి. ఈ సంగతి నా బుర్రకి ఎక్కేసరికి నాలుగైంది. ఈలోగా చిల్లు వెతుకుతూ లోపలి నుంచి కర్రతో పొడిచి, అంతకుముందు లేని చిల్లులు మూడు పెట్టాను. ఆ మూడూ నావే, ఒప్పుకుంటున్నాను.

కానీ మీకేం తక్కువ చేశానండీ? మూడొందల ఆకు కొట్టించాను (చెట్టెక్కింది నేను కాదులెండి). ఎండబెట్టి, చదునవ్వాలని పది రోజులు రాళ్ళ బరువు పెట్టాను. తాటిమట్ట రంపంపళ్ళకి అరచేతులు గీరుకుపోయాయి. ప్రతి ఆకూ నారతో నేనే కట్టాను. తొమ్మిది రోజులు. పదో రోజున కింద నిలబడి మిమ్మల్ని చూసి కళ్ళు చెమర్చుకున్నాను కూడా. అప్పుడు వాన లేదు కాబట్టి అవి కన్నీళ్ళే అయి ఉండాలి.

గోడ గురించి మాట్లాడను. మట్టి గోడ బీటలివ్వడం దాని స్వభావం. తలుపు మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు, అదీ సరే. వెదురుని నీళ్ళలో నానబెట్టకుండా వాడినందుకు అది పురుగు పట్టి రోజూ కాసింత పొడి రాలుస్తోంది. పొద్దున్నే ఊడ్చుకుంటున్నాను. అసలు అడవిలోనే కట్టుకుందామనుకున్నాను. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. అందుకే కొండ దిగువన మామయ్య జీడితోటలో మీరూ నేనూ. అమ్మకి ఫోన్ చేయాలంటే రాతిగుండు ఎక్కాలి. ఎక్కకపోతే మర్నాడు మామయ్య బండి మీద వచ్చేస్తాడు.

ఇదంతా నాకు ఎక్కించింది అలాస్కా డిక్ ప్రెనికీ గారు. 1968లో, యాభై దాటిన వయసులో, ట్విన్ లేక్స్ ఒడ్డున చేతి పనిముట్లతో దుంగల ఇల్లు కట్టుకుని దాదాపు ముప్పై ఏళ్ళు ఉన్నాడు. పనిముట్లకి పిడులు కూడా అక్కడే చెక్కుకున్నాడట. ఆయన కెమెరా స్టాండు మీద పెట్టి తన పని తానే తీసుకున్న ఆ దృశ్యాలు రాత్రిళ్ళు ఎన్నిసార్లు చూశానో. దుంగ చెక్కడం చూశాను. కప్పు మీద పరిచిన పచ్చటి పాచి చూసి మురిసిపోయాను. ఆ పాచి కింద తారు కాగితం, ప్లాస్టిక్ పట్టా ఉన్నాయన్న ముక్క మాత్రం నిన్న రాత్రి, గొడుగు కింద కూర్చుని, బుర్రకెక్కింది. సామాన్లు విమానంలో వచ్చేవన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. వాల్డెన్ చెరువు ఒడ్డున 1845లో ఇల్లు కట్టిన థోరో గారు 28 డాలర్ల 12న్నర సెంట్ల ఖర్చు పైసాతో సహా లెక్క రాశాడు. గొడ్డలి అరువుదే. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. నాకు మామయ్య స్థలం దొరికింది, అరువు గొడ్డలీ దొరికింది. ప్లాస్టిక్ పట్టా ఒక్కటే తక్కువైంది.

ఇవాళ పొద్దున్న పక్క తోట కాపలా తాత వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, తలెత్తి, నోట్లో చుట్ట తీయకుండా నవ్వాడు.

"నిట్రాడు పొట్టిగా పాతేసినావేటి బాబూ? వాలు లేకపోతే కారకేటవుద్ది?"

కర్రతో ఒక ఆకు ఎత్తి చూశాడు. కింద ఆకు మీద అది నాలుగు వేళ్ళే ఎక్కింది. జానెడైనా ఎక్కాలట. మూడొందల ఆకుతో మొత్తం కప్పేయాలని నేను పిసినారితనం చేశాను. పొయ్యి బయట పెట్టానని ఇంకా తిట్టాడు. పొగ తగిల్తేనే ఆకు మన్నుతుందట. నేనేమో లోపల మసి పడుతుందని బయట పెట్టాను.

నిట్రాడు, అదే కొప్పుని మోసే నడిమి గుంజ, పొట్టి కాదు. నేనే రెండడుగులు కోసేశాను, పాక చూడ్డానికి అందంగా ఉంటుందని! తొమ్మిది రోజులు నీ మీద ఎక్కి దిగానే, ఒక్కసారైనా చెప్పొద్దా? వాలు చాలదురా, నీళ్ళు నిలుస్తాయిరా అని? నోరు లేకపోతే ఓ ఆకైనా జారవిడవొచ్చుగా? బాగున్నట్టు నటించి, ఎండాకాలమంతా నన్ను మోసం చేసి, మొదటి వానకి పరువు తీస్తావా? ఇంజనీరింగ్ చదివిన వెధవని కదా, నాకూ తెలియలేదు, అది వేరే సంగతి.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ తాతే నిలవలేక నీ కిందకి వచ్చి పడుకునేవాడు. నేను చెమట పట్టకుండా నిద్రపోయాను. అద్దెకున్న ఫ్లాట్‌లో ఏసీ కింద కూడా అలాంటి నిద్ర పట్టలేదు. ఆ నిద్ర కోసమే నిన్ను పీకి పొయ్యిలో పెట్టడం లేదు.

నర్సీపట్నం వెళ్ళి బరకం తెచ్చాను. నీలం రంగుది, నీకు నప్పలేదు. రెండు రోజులు కప్పుకో. బుధవారం తాత వస్తానన్నాడు. కొత్త నిట్రాడు, ఇంకో రెండొందల ఆకు కావాలన్నాడు. నేనూ నీ మీదకి ఎక్కుతానంటే ఒద్దన్నాడు. "నువ్వు కింద నుంచి ఆకు అందీ బాబూ, చాలు" అన్నాడు.

కోసేసిన ఆ రెండడుగుల ముక్క మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. పీటగా బాగానే ఉంది. ఇప్పటిదాకా నేను చేసినవాటిలో కారనిది ఇదొక్కటే.

ఇట్లు,
ఆకు అందించేవాడు