వేగాస్ కంటే ముందు సియాటిల్

ఎన్‌బీఏ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు ఏదైనా తరలిపోతే దానికి ఏ నగరం తగినదో చర్చించిన వ్యాసంలో, లాస్ వేగాస్ అన్నిటికన్నా తగిన చోటని వ్యాసకర్త తేల్చారు గానీ, 41 సీజన్లు తన జట్టు సూపర్‌సానిక్స్‌ను ఆదరించి, 1979లో టైటిల్ కూడా చూసి, చివరకు 2008లో ఆ జట్టును ఓక్లహామా సిటీకి వదులుకోవాల్సి వచ్చిన సియాటిల్‌ను రెండో స్థానానికి నెట్టడం నాకు సమంజసంగా తోచలేదు. సియాటిల్‌లోని పాత అరీనా (ఇండోర్ స్టేడియం) ఇరుకుగా ఉందన్నది అప్పటి ప్రధాన అభ్యంతరం. చారిత్రక గుర్తింపు ఉన్న పైకప్పును తాత్కాలిక స్తంభాలపై నిలబెట్టి, దాని కింద నేలను ఇంకా లోతుకు తవ్వి కట్టిన క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా 2021లో తెరుచుకుంది కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు. జట్టును కోల్పోయిన మరో నగరం, కెనడాలోని వాంకూవర్ సంగతి వేరు: అక్కడి గ్రిజ్లీస్ జట్టు ఆరేళ్లకే మెంఫిస్‌కు వెళ్లిపోవడానికి, జీతాలు అమెరికా డాలర్లలో చెల్లించాల్సి ఉండగా కెనడా డాలరు బలహీనపడటమూ ఒక కారణం. కాన్సస్ సిటీలోనైతే 2007లోనే పెద్ద అరీనా కట్టినా ఏ ఎన్‌బీఏ జట్టూ అక్కడికి మారలేదు.