పాత విండోస్ సీడీలు చెత్త కాదు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

"విండోస్ 95 నుంచి 11 దాకా లోపలున్నది ఒక్కటే, రంగులు మార్చి మళ్లీ మళ్లీ అమ్మారు. నిజానికి పాతదే స్పీడు. కంపెనీ సపోర్ట్ ఆపేసిందంటే ఇక అది అందరికీ ఫ్రీ. కావాలంటే ఎప్పుడైనా నెట్‌లో దొరుకుతుంది కాబట్టి పాత సీడీలు దాచుకుని వెర్షన్లు పోల్చుకుంటూ కూర్చోవడం టైం వేస్ట్. మన తెలుగువాళ్లకి వాటితో అసలు పనే లేదు." ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, అమీర్‌పేటలో కోర్సు చేసిన బ్యాచ్ గ్రూపులోనూ వచ్చింది. ఇల్లు మారేటప్పుడు సజ్జ మీది అట్టపెట్టెలు దించి, ఉంచాలా పాతసామాన్లవాడికి వేసేయాలా అని ఆలోచించే మనిషి ఇలాంటివి చదివితే వేసేయడానికే మొగ్గుతాడు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

"లోపల అంతా ఒక్కటే" అన్నది శుద్ధ తప్పు. విండోస్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు వంశాలున్నాయి. 95, 98, మీ (ఎంఈ, అంటే మిలీనియం ఎడిషన్) అనేవి డాస్ పునాది మీద, అంటే కమాండ్లు టైప్ చేసి నడిపే మైక్రోసాఫ్ట్ పాత సిస్టమ్ మీద కట్టినవి. ఎన్‌టీ అనే రెండో వంశం 1993లో విడిగా వచ్చింది, దాని రూపకల్పనకి నాయకత్వం వహించింది డేవ్ కట్లర్, అంతకుముందు డిజిటల్ కంపెనీలో వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసినాయన. 2000లో రెండు విండోసులు విడుదలయ్యాయి: ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000 ఎన్‌టీ వైపుది, సెప్టెంబర్‌లో వచ్చిన మిలీనియం ఎడిషన్ డాస్ వైపుది. చూడ్డానికి డెస్క్‌టాప్ ఒకేలా ఉంటుంది, నిజమే, ఆ మెసేజ్ రాసినవాళ్లు అక్కడితోనే ఆగిపోయారు. ఇళ్లలో వాడే విండోస్ కూడా ఎన్‌టీ మీదకి మారింది 2001 అక్టోబర్‌లో ఎక్స్‌పీతోనే.

తేడా కళ్లారా చూడాలంటే 98నీ 2000నీ పక్కపక్కన వర్చువల్ మెషీన్లలో (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) వేసి చూడండి. 98లో పాస్‌వర్డ్ అడిగే డబ్బా వచ్చినప్పుడు ఏమీ టైప్ చేయకుండా క్యాన్సిల్ నొక్కితే మామూలుగా నేరుగా డెస్క్‌టాప్ మీదకి వెళ్లిపోతారు, మొత్తం ఫైళ్లన్నీ మీ ముందే ఉంటాయి. 2000లో ఆ పని జరగదు, లాగిన్ కాకుండా లోపలికి రానివ్వదు, పైగా ఏ ఫైలు ఎవరిది, ఎవరు తెరవచ్చు అన్న లెక్క ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీదే రాసి ఉంటుంది. నోట్‌ప్యాడ్ లాంటి చిన్న ప్రోగ్రాం తీసుకున్నా అంతే. 98 నోట్‌ప్యాడ్ 64 కేబీ దాటిన ఫైలు నావల్ల కాదు, వర్డ్‌ప్యాడ్‌లో తెరవమంటావా అంటుంది. ఎన్‌టీ వైపు నోట్‌ప్యాడ్‌కి ఆ బాధ లేదు. కానీ విండోస్ కాని మరో సిస్టమ్ అయిన లినక్స్‌లో రాసిన ఫైలు తెరిస్తే లైన్లన్నీ కలిసిపోయి ఒకే తాడులా కనబడటం మాత్రం 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ దాకా పోలేదు.

అన్ని జతలూ ఇంత దూరంగా ఉంటాయని నేననను. కమాండ్ ప్రాంప్ట్‌లో లోపలి వెర్షన్ నంబర్ చూపించే వెర్ (ver) అని కొడితే విస్టా 6.0 అని, విండోస్ 7 ఏమో 6.1 అని చెబుతాయి, 11 అయితే ఇప్పటికీ 10.0 అనే చెబుతుంది. అక్కడ మెసేజ్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. కానీ ఆ సంగతి తేలేది కూడా పోల్చి చూసినప్పుడే కదా.

ఇంకోటి, "95" అనే పేరుతో ఉన్న సీడీలన్నీ కూడా ఒక్కటి కావు. 1995 ఆగస్టులో షాపుల్లో అమ్మింది వేరు, 1996లో వచ్చిన ఓఎస్‌ఆర్2 వేరు. ఈ రెండోదాన్ని కొత్త కంప్యూటర్లతో పాటే ఇచ్చారు, విడిగా రిటైల్‌లో అమ్మలేదు. పెద్ద డిస్కుల్ని వాడనిచ్చే ఫ్యాట్32 పద్ధతి మొదట వచ్చింది అందులోనే, మొదటి 95లో ఒక్కో పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) 2 జీబీ దాటడానికి లేదు. సీడీ మీద రాసిన చిన్న అక్షరాలు చదివితే తప్ప మీ చేతిలో ఉన్నది ఏదో తెలియదు.

"పాతదే స్పీడు" అనే మాటకి వస్తే, పాతది దేని మీద స్పీడు? 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలన్నారు, ఆ 4 ఎంబీ మీద నడిపినవాళ్లకి దాని నడక ఎలాంటిదో గుర్తుండే ఉంటుంది. ఇవాళ్టి మెషీన్ మీద పోల్చుదామంటే 95 చాలాసార్లు బూట్ కూడా అవదు. ప్రాసెసర్ మరీ వేగంగా ఉంటే అందులోని టైమింగ్ లూపులు దెబ్బతిని విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్ అని ఆగిపోతుంది. 98కి 512 ఎంబీ మించి ర్యామ్ ఇస్తే, అంత ఉన్నా మెమరీ చాల్లేదని ఎర్రర్ చూపిస్తుంది. 95, 98 రెండింటిలోనూ మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32-బిట్ కౌంటర్ 49.7 రోజులకి నిండిపోయి మెషీన్ బిగుసుకుపోయే లోపం ఉండేది, దాన్ని తర్వాత ప్యాచ్‌తో సరిచేశారు. కొత్త వెర్షన్లు బరువెక్కిన మాట వాస్తవమే, దాని మీద నాకూ కోపం ఉంది. అయితే ఆ బరువులో మన రక్షణకి అవసరమైనది ఎంత, అనవసరంగా ఎక్కించింది ఎంత అని విడదీసి చెప్పాలంటే పాత వెర్షన్ మన దగ్గర ఉండాలి.

ఆ "పాతదే స్పీడు" మాట నమ్మి ఎవరూ ఎక్స్‌పీ మీద బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి. 2003 ఆగస్టులో నెట్ ద్వారా తనంతట తానే పాకే బ్లాస్టర్ వార్మ్ వచ్చినప్పుడు ప్యాచ్ లేని ఎక్స్‌పీని నెట్‌కి తగిలిస్తే చాలు, కాసేపట్లో మెషీన్ ఆగిపోతుందంటూ 60 సెకన్ల కౌంట్‌డౌన్ డబ్బా ఎదురుగా వచ్చి కూర్చునేది. 2014 ఏప్రిల్ 8తో దానికి సపోర్ట్ ముగిసింది. నేను నడిపే పాత సిస్టమ్‌లన్నీ నెట్‌కి తగిలించకుండానే ఉంటాయి.

"సపోర్ట్ ఆపితే ఫ్రీ" అన్నది చట్టం తెలియక అన్న మాట. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంని సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది, కంపెనీ ప్యాచ్‌లు ఇవ్వడం మానేసినంత మాత్రాన హక్కు పోదు. కంపెనీయే వదిలిపెట్టినవి వేరు: ఎంఎస్ డాస్ 1.25, 2.0 సోర్స్ (ప్రోగ్రాం రాసిన అసలు కోడ్) 2018లో, 4.00 సోర్స్ 2024లో ఎంఐటీ లైసెన్స్‌తో గిట్‌హబ్‌లో పెట్టారు, వాటిని ఎవరైనా తీసుకోవచ్చు. లినక్స్‌కైతే ఈ తలనొప్పే లేదు. పాత పీసీక్వెస్ట్ పత్రికలతో వచ్చిన లినక్స్ సీడీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య కనిపిస్తే వెంటనే తీసుకోండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదే మంచి దారి.

"నెట్‌లో ఎప్పుడైనా దొరుకుతుంది" అంటే, ఏం దొరుకుతుంది? లైట్ ఎడిషన్ అని, యాక్టివేషన్ అక్కర్లేనిదని ఎవరో కోసి కుట్టిన ఐఎస్ఓలు (సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినవి) బోలెడు దొరుకుతాయి, వాటిలో ఏం తీసేశారో ఏం దూర్చారో ఎవరికీ తెలియదు. అసలు సీడీ నుంచి తీసిన కాపీ ఉంటేనే హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) పోల్చి ఇది మార్చనిది అని చెప్పగలం. పాతవి వాటంతట అవే మిగిలిపోతాయన్న నమ్మకం కూడా తప్పే. 1971 నాటి యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి ఎడిషన్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) సోర్స్ కాగితం మీద ప్రింటవుట్‌గా మాత్రమే బయటపడింది, దాన్ని స్కాన్ చేసి, తప్పులు దిద్ది, 2008లో ఔత్సాహికులు మళ్లీ నడిపించారు. ఎవరో ఆ కాగితాలు పారేయలేదు కాబట్టే అది సాధ్యమైంది. రైట్ చేసిన సీడీల్లో రసాయన పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది, ఫ్లాపీలకి వర్షాకాలపు చెమ్మకి బూజు పడుతుంది.

ఇక "తెలుగువాళ్లకి పని లేదు" అన్న చివరి మాట. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, ఎందుకంటే దీనితో అందరికంటే ఎక్కువ పని ఉన్నది మనకే. "స్వాతంత్ర్యం" అనే ఒక్క మాటని యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఒక స్థిరమైన కోడ్ ఇచ్చే పద్ధతి) ఫైల్లో రాసి ఒక్కో వెర్షన్‌లో తెరవండి. 98 నోట్‌ప్యాడ్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి. 2000లో హిందీకి మంగళ్, తమిళానికి లతా ఫాంట్లు ఉన్నాయి కానీ తెలుగుకి ఏమీ లేదు, కాబట్టి డబ్బాలు. ఎక్స్‌పీలో గౌతమి వచ్చింది, అదీ ఊరికే కాదు, కంట్రోల్ ప్యానెల్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ దగ్గర టిక్ పెట్టి, అది అడిగిన ఎక్స్‌పీ సీడీ డ్రైవ్‌లో పెడితేనే. కంప్యూటర్‌తో సీడీ ఇవ్వనివాళ్లు అక్కడే ఆగిపోయేవాళ్లు. 7లో వాణి, 8లో నిర్మల యూఐ వచ్చాయి. మన రూపాయి గుర్తు 2010లో ఖరారైంది, 7కి అది అప్‌డేట్‌గా అందింది, 8లో మొదటినుంచే ఉంది. కంప్యూటర్‌లో తెలుగు ఎలా వచ్చిందన్న కథ మొత్తం ఈ సీడీల్లో వరసగా ఉంది, నాకు తెలిసి ఎవరూ ఒకచోట కూర్చి రాయలేదు.

అంతకంటే పెద్ద విషయం యూనికోడ్‌కి ముందు మనం రాసుకున్నదంతా. చిక్కడపల్లి, నారాయణగూడ చుట్టుపక్కల డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అను అనే తెలుగు ఫాంట్లతో పుస్తకాలు, సావనీర్లు, పెళ్లి కార్డులు కంపోజ్ చేశారు. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. ఫాంటు లేకపోతే ఇంగ్లిష్ గజిబిజే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 7.0 తర్వాత ఇంకోటి రాలేదు, దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ తర్వాత ఆ ఫైళ్లు తెరవడం మానేసింది. విండోస్ 3.1 కాలపు 16-బిట్ తెలుగు ప్రోగ్రాములు 11లో అసలు నడవవు. కొన్నింటికి పారలల్ పోర్టుకి (పాత ప్రింటర్లు తగిలించే సాకెట్) తగిలించే లాక్ (దొంగకాపీ నడవకుండా ఆపే పరికరం) కూడా కావాలి, ఇప్పుడు ఆ పోర్టే కనిపించడం లేదు. కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే. కానీ ముందు ఆ పేజ్‌మేకర్ ఫైల్లోంచి మేటర్ బయటికి రావాలి, మార్చాక ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి అసలు పేజీ పక్కనే తెరిచి ఉండాలి, దానికి 98 గానీ ఎక్స్‌పీ గానీ నడిచే మెషీన్ ఒకటి కావాలి.

మీ ఇంట్లో గానీ మీకు తెలిసిన ప్రెస్సులో గానీ అలాంటి పాత కంప్యూటర్ ఉంటే ఫార్మాట్ చేయకండి. ముందు హార్డ్ డిస్క్‌కి పూర్తి ఇమేజ్ తీయించండి. పేజ్‌మేకర్ సెటప్, ఫాంట్ల ఫోల్డర్, కీబోర్డ్ డ్రైవర్ అన్నీ కలిపి ఒకచోట పెట్టండి, సీడీ కవర్ మీద పెన్నుతో రాసిపెట్టిన కీని ఫోటో తీసి ఆ ఫోల్డర్‌లోనే వేయండి.