రిటర్న్‌ల లెక్క మన చిట్టాలో ఉండాలి

దసరా, దీపావళి సేల్స్ ముగిసిన రెండు మూడు వారాలకు విజయవాడ వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఎవరిని కదిపినా ఒకటే మాట. "ఆర్డర్లు బాగానే వచ్చాయండీ, రిటర్న్‌లే చంపేశాయి." ఎన్ని వచ్చాయని అడిగితే ఫోన్ తీసి, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి ప్లాట్‌ఫామ్‌లు అమ్మేవాళ్లకిచ్చే సెల్లర్ ప్యానెల్‌లో కనిపించే శాతం చూపిస్తారు. ఏ సరుకు ఎక్కువగా తిరిగొచ్చింది, ఏ సైజు, ఏ ఊరి నుంచి, వచ్చినవాటిలో మళ్లీ అమ్ముకోదగ్గవి ఎన్ని అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. రిటర్న్‌ల లెక్కను ప్లాట్‌ఫామ్‌కి వదిలేసిన వ్యాపారి తన వ్యాపారం పగ్గాలు కూడా అక్కడే వదిలేసినట్టు. ఈ మాట కటువుగా ఉన్నా అనక తప్పదు.

ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో చిన్న కూడికతో తేలిపోతుంది. ఒక కుర్తీ మీద ఖర్చులన్నీ పోను 80 రూపాయలు మిగులుతుందనుకుందాం. తిరిగొచ్చిన ప్రతిదానికీ రవాణా చార్జీ, ప్యాకింగ్, మళ్లీ ఇస్త్రీ, మడత కలిపి 160 పోతుందనుకుందాం. పది ఆర్డర్లలో మూడు తిరిగొస్తే, నిలబడ్డ ఏడింటి మీద వచ్చేది 560, మూడింటి మీద పోయేది 480. పది ప్యాకెట్లు కట్టి పంపితే చేతికి మిగిలేది 80 రూపాయలు. నాలుగు తిరిగొస్తే 160 నష్టం. అదే రెండే వస్తే 320 లాభం. పదింట్లో ఒక్క రిటర్న్ తగ్గితే లాభం నాలుగింతలైంది! ఇంత లాభం కోసం కొత్త కస్టమర్లను పట్టుకోవాలంటే అమ్మకాలు నాలుగింతలు చేయాలి. యాడ్స్ మీద రోజూ డబ్బు పోసేవాళ్లు ఈ కూడిక ఒకసారి తమ సొంత అంకెలతో వేసుకుని చూడాలి.

రిటర్న్‌లు రెండు రకాలని ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కస్టమర్ చేతికి చేరకుండానే తిరిగొచ్చేది ఆర్‌టీఓ, అంటే రిటర్న్ టు ఆరిజిన్. అందుకుని, విప్పి చూసి, వద్దని పంపేది కస్టమర్ రిటర్న్. తెలిసి కూడా చాలామంది రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తారు. జ్వరానికీ, విరిగిన చేతికీ ఒకే మందు వేసినట్టుంటుంది ఆ పని. ఆర్‌టీఓ పెరిగితే చీరను తిప్పి తిప్పి చూసి లాభం లేదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లెన్ని, ఏ పిన్‌కోడ్, ఏ కొరియర్, ఆర్డర్ పడిన ఎన్నాళ్లకు ప్యాకెట్ కదిలింది, ఇవి చూడాలి. కస్టమర్ రిటర్న్ పెరిగితే సరుకును, సైజును, ఫొటోను, ఏ లాట్‌లో వచ్చిందో దాన్ని చూడాలి.

ఇంకో పొరపాటు నెలవారీ లెక్కలో ఉంది. దీనివల్ల మంచి సరుకును కూడా ఆపేసుకుంటున్నారు. ఈ నెల వచ్చిన రిటర్న్‌లను ఈ నెల ఆర్డర్లతో భాగిస్తే వచ్చేది తప్పుడు శాతం. అక్టోబర్‌లో 1000 ఆర్డర్లు, నవంబర్‌లో 400 అనుకోండి. రెండు నెలల్లోనూ చివరికి తిరిగొచ్చేది నూటికి ఇరవయ్యే. కానీ అక్టోబర్ ఆర్డర్లలో తిరిగొచ్చే 200లో 80 మాత్రమే ఆ నెలలో చేరి, మిగతా 120 నవంబర్‌లో దిగుతాయి. వాటికి నవంబర్ సొంత రిటర్న్‌లు ఒక 40 కలిస్తే మొత్తం 160. అక్టోబర్ 8 శాతంతో బ్రహ్మాండంగా, నవంబర్ 40 శాతంతో ఘోరంగా కనిపిస్తాయి. రెండూ అబద్ధమే. రిటర్న్‌ను అది వచ్చిన తేదీకి కాకుండా ఆర్డర్ పడిన తేదీకి కట్టాలి. నవంబర్‌లో టెన్షన్ పడి లిస్టింగ్ (సైట్‌లో ఆ సరుకు పేజీ) తీసేసినవాళ్లు అక్టోబర్‌లో చేసిన అప్పు చూసి భయపడ్డారన్నమాట.

ఇక కారణాల సంగతి. ప్లాట్‌ఫామ్ ఇచ్చే రిపోర్టులో 'రిటర్న్ రీజన్' అని ఒక కాలమ్ ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. 'మనసు మారింది' అని నొక్కితే వాపసు తీసుకోరేమోనన్న అనుమానంతో కస్టమర్ 'డ్యామేజ్' అనో 'నాణ్యత బాలేదు' అనో నొక్కుతాడు. ఆ మాట పట్టుకుని నేతగాడిని తిట్టడం, కుట్టు యూనిట్‌ను మార్చడం అన్యాయం. అలాగని ఆ కాలమ్‌ను పారేయడమూ తప్పే. దాన్ని సైజుతో, రంగుతో, వచ్చిన వస్తువు స్థితితో పక్కపక్కన పెట్టి చదవాలి. 'సైజు సరిపోలేదు' అన్న కుర్తీల్లో ఎం బాగానే ఉండి ఎల్, ఎక్స్ఎల్ మాత్రమే తిరిగొస్తుంటే కటింగ్‌లో తేడా ఉందని అర్థం. టేపు పెట్టి ఛాతీ దగ్గర కొలిచి, సైజ్ చార్ట్‌లో ఉన్న అంగుళాలతో పోల్చి చూస్తే పది నిమిషాల్లో దొరుకుతుంది. ఆ చార్ట్ సరిదిద్దడానికి ఖర్చేమీ లేదు.

మంగళగిరి చీరనే తీసుకోండి. జీఐ గుర్తింపు ఉన్న చేనేత, సన్నని జరీ అంచు, ఒళ్లు సాదాగా ఉండే కాటన్. తెల్లటి ఎల్ఈడీ లైటు కింద ఫొటో తీసి, ఫోన్‌లో కాస్త రంగు పెంచి పెడితే నెమలికంఠం రంగు కాస్తా నీలంగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో ప్యాకెట్ విప్పిన ఆవిడకు అది పచ్చగా అనిపిస్తుంది. రిపోర్టులోకి ఎక్కేది 'ఫొటోలో ఉన్నట్టు లేదు' అని. ఇంకొకావిడ 'వస్తువు తక్కువ వచ్చింది' అని పంపుతుంది. జాకెట్టు ముక్క విడిగా వస్తుందనుకుంది, అది చీరలోనే కలిసి ఉంది. ఆ విషయం లిస్టింగ్‌లో ఎక్కడా రాయలేదు. చేనేతలో అక్కడక్కడ కనిపించే నూలు ముడిని చూసి 'డ్యామేజ్' అంటుంది మరొకావిడ. మూడూ మూడు వేర్వేరు మరమ్మతులు. ఒకదానికి కిటికీ పక్కన మళ్లీ ఫొటో తీయాలి, రెండోదానికి ఒక వాక్యం రాయాలి, మూడోదానికి ఆ ముడినే దగ్గరగా ఫొటో తీసి ఇది మగ్గం మీద నేసిన బట్ట అని చూపించాలి. ప్యానెల్‌లోని ఒక్క శాతం ఈ మూడింటిలో ఒక్కటి కూడా చెప్పదు.

ఇదంతా చేత్తో చేయమని అనడం లేదు. చేత్తో చేస్తే రెండు వారాల్లో మానేస్తారు. అందుకే ఆటోమేషన్ కావాలి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివి సెల్లర్లకు ఏపీఐలు (మన ప్రోగ్రామ్ నేరుగా డేటా తెచ్చుకునే దారులు) ఇస్తున్నాయి, అవి వాడలేనివాళ్లు రోజూ ఒక ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. గూగుల్ షీట్‌లో చిన్న స్క్రిప్టు రాసి పెట్టుకుంటే ఆర్డర్లు, రిటర్న్‌లు, పేమెంట్లు ఆర్డర్ నంబర్ మీద వాటంతటవే జతపడతాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పదిహేను అంకెలు దాటిన నంబర్‌ను ఎక్సెల్ సంఖ్యగా తీసుకుంటే చివరి అంకెలను సున్నాలు చేసేస్తుంది. రెండు వేర్వేరు ఆర్డర్లు ఒకటైపోతాయి, లేదా ఏదీ దేనితోనూ కలవదు. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోకపోతే తర్వాత ఎన్ని ఫార్ములాలు రాసినా వృథా.

ఆటోమేషన్‌తో వెంటనే డబ్బు కనిపించేది ఒక చోట ఉంది. సాయంత్రం కొరియర్ కుర్రాడు రిటర్న్ బస్తా దింపి వెళ్తాడు. ప్రతి ప్యాకెట్ మీదా ఏడబ్ల్యూబీ (కొరియర్ ట్రాకింగ్ నంబర్) బార్‌కోడ్ ఉంటుంది. వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరికే స్కానర్‌తో కొడితే ఆ నంబర్ నేరుగా షీట్‌లో పడుతుంది. రాత్రికి షీట్ రెండు జాబితాలు పోల్చి చెబుతుంది: ప్యానెల్‌లో 'రిటర్న్ సెల్లర్‌కు డెలివరీ అయింది' అని ఉండి బస్తాలో లేనివి ఇవీ అని. కొత్త చీర పంపితే కట్టి విడిచిన పాత చీర తిరిగొచ్చే సంగతి అందరికీ అనుభవమే. వాటికి విప్పేటప్పుడు తీసిన వీడియో, అదే నంబర్ పేరుతో దాచుకున్నది, ఉండాలి. అమెజాన్‌లో సేఫ్-టి, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్ అని నష్టపరిహారం అడిగే క్లెయిమ్ పద్ధతులు ఉన్నాయి. గడువు దాటితే మాత్రం ఎవరూ వినరు. గడువు ముంచుకొస్తోందని మనిషి మర్చిపోతాడు, షీట్ మర్చిపోదు.

పన్ను లెక్క కూడా దీనికే ముడిపడి ఉంది. ప్లాట్‌ఫామ్ మనకు డబ్బిచ్చేముందే కట్ చేసే జీఎస్టీ టీసీఎస్ 2024 జూలై 10 నుంచి ఒక శాతం కాస్తా అర శాతమైంది. తిరిగొచ్చిన సరుకు తీసేసిన నికర విలువ మీదే అది పడాలి. వెనక్కి వచ్చిన అమ్మకానికి క్రెడిట్ నోట్‌ను (ఆ అమ్మకం విలువ, పన్ను తగ్గించి చూపే పత్రం) ఆ ఆర్థిక సంవత్సరం తర్వాత వచ్చే నవంబర్ 30 లోపు, వార్షిక జీఎస్టీ రిటర్ను అంతకుముందే వేస్తే ఆలోపే, చూపించుకోవాలి. ఏది తిరిగొచ్చిందో తెలియని వ్యాపారి అమ్మని సరుకుకు కూడా పన్ను కట్టే ప్రమాదం ఉంది.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. తప్పు కస్టమర్లదీ ప్లాట్‌ఫామ్‌లదీ అయితే మేం లెక్కలు రాసి ఏం లాభం, నిబంధనలన్నీ వాళ్లవైపే కదా అని. అందులో నిజం ఉంది. ఏ చార్జీ ఎప్పుడు పెరుగుతుందో తెలియదు, కొట్టేసిన క్లెయిమ్‌కు కారణం సరిగ్గా చెప్పరు. అయినా తగవులో చేతిలో కాగితం ఉన్నవాడి మాటే నిలుస్తుంది. 'చాలా అన్యాయం జరుగుతోంది' అన్న ఫిర్యాదుకు ఎక్కడా విలువ లేదు. ఫలానా తేదీల మధ్య ఫలానా నంబర్ల ప్యాకెట్లు మాకు చేరలేదు, ఇవిగో స్కాన్‌లు అంటే కోర్టు దాకా అక్కర్లేదు, వ్యాపారుల సంఘం ఒక్కటి కూర్చుని మాట్లాడినా వినక తప్పదు.

అసలు నాకు బాధ కలిగించేది వేరే ఉంది. వన్‌టౌన్ వ్యాపారులకు లెక్క కొత్త కాదు. వాళ్ల తాతలు రాత్రి షాపు కట్టేముందు చిట్టా రాయకుండా ఇంటికి వెళ్లేవారు కాదు, మర్నాడు దాన్ని ఖాతాల పుస్తకమైన ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఏ ఊరి బేరగాడు సరుకు వాపసు పంపాడో, ఎందుకు పంపాడో పేరుతో సహా చెప్పేవారు. అంత క్రమశిక్షణ ఉన్న బజారు, అమ్మకం ఫోన్‌లోకి మారగానే పుస్తకాన్ని ఎవరో బెంగళూరులో కూర్చున్నవాళ్ల చేతికిచ్చేసింది. కొడుకులు బీటెక్ చదివారు. కొందరు అమెరికాలో డేటా అనలిస్టులు. సొంత షాపులో డేటా చదివే మనిషి లేడు!

ఈ లోటు తీర్చగల పిల్లలు కూతవేటు దూరంలో ఉన్నారు. వడ్డేశ్వరంలో కేఎల్, నీరుకొండలో ఎస్ఆర్ఎం, ఐనవోలులో వీఐటీ, నాగార్జున నగర్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, అన్నీ మంగళగిరి చుట్టూనే. డేటా సైన్స్ పాఠం ప్రపంచమంతటా 1936లో ఫిషర్ ప్రచురించిన ఐరిస్ పూరేకుల కొలతలతోనో, టైటానిక్ ప్రయాణికుల జాబితాతోనో మొదలవుతుంది. మొదటి వారం నేర్చుకోవడానికి అవి చాలు. ఫైనల్ ఇయర్ దాకా అలాంటి తయారు లెక్కలతోనే నెట్టుకొచ్చి, చివరికి రెడీమేడ్ ప్రాజెక్టు కొని సబ్మిట్ చేసే అలవాటు మన ప్రాంతమంతా పాకింది. ఇది చదువుకు పట్టిన చీడ. తప్పుగా టైప్ చేసిన సైజులు, సగం ఖాళీగా ఉన్న కాలమ్‌లు, అబద్ధం చెప్పే కారణాలు ఉన్న అసలు డేటాను ఒక్కసారి శుభ్రం చేస్తే ఆ కుర్రాడికి ఉద్యోగంలో ఏం చేయాలో తెలుస్తుంది. ఐదు ఆర్డర్లలో రెండు తిరిగొచ్చిన సరుకును 40 శాతం అని కొట్టేయకూడదని, ఇంకొన్ని ఆర్డర్లు పడేదాకా ఆగాలని పుస్తకంలో చదివితే పరీక్షకు పనికొస్తుంది. షాపు యజమానికి ఎదురుగా కూర్చుని ఒప్పించాల్సి వస్తే జీవితాంతం గుర్తుంటుంది.

డిపార్ట్‌మెంట్ హెడ్‌లు ప్రభుత్వ ఉత్తర్వు కోసం చూడక్కర్లేదు. కస్టమర్ పేరు, ఫోన్, ఇంటి నంబర్ ఉన్న కాలమ్‌లు తీసేసి, ఆర్డర్ నంబర్, సరుకు కోడ్, సైజు, పిన్‌కోడ్, తేదీలు, కారణం ఉన్న ఒక సంవత్సరం షీట్‌ను ఇవ్వగల వ్యాపారులు విజయవాడ హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలతలో ఉన్నారు, మంగళగిరి చేనేత దుకాణాల్లో ఉన్నారు. నలుగురు విద్యార్థులకు ఒక షాపు చొప్పున అప్పగించండి. మొదటి నెల పని స్కానింగ్, జత చేయడం. రెండో నెల ఆర్డర్ తేదీ ప్రకారం శాతాలు. మూడో నెలలో ఎక్కువగా తిరిగొచ్చే ఐదు సరుకులను చేత్తో పట్టుకుని చూసి, ఫొటో, సైజ్ చార్ట్, వివరణ మార్చడం. ఆ మార్పు తర్వాత పడిన ఆర్డర్లలో ఎన్ని నిలబడ్డాయో చూసి మార్కులు వేయండి.